పదేళ్ల గేమింగ్ లాప్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డు మార్చిన కేసు

లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మారుస్తారా అని అడిగే వాళ్లలో చాలామందికి నేను చెప్పే జవాబు ఒక్కటే: మారదు. గ్రాఫిక్స్ చిప్ మదర్‌బోర్డుకే సోల్డర్ అయి ఉంటుంది, దాన్ని తీసి పెద్ద చిప్ పెట్టడం కుదిరే పని కాదు. అయితే 2010 నుంచి 2016 దాకా వచ్చిన కొన్ని ఖరీదైన గేమింగ్ లాప్‌టాప్‌లలో కార్డు విడిగా ఉండేది. అలాంటి లాప్‌టాప్ ఒకటి మా బెంచ్ మీదికి వచ్చింది. ఆ కేసును పూర్తిగా రాస్తున్నాను. కార్డు మార్చడం కష్టమని చెప్పడానికి కాదు. మార్చాల్సింది కార్డేనా అన్నది ముందు తేల్చుకోవాలి, ఆ తేల్చుకునే పద్ధతి ఈ కేసులో బాగా కనిపిస్తుంది.

నేపథ్యం

2024 వేసవిలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు, వాళ్ల నాన్నగారు కలిసి సికింద్రాబాద్‌లోని మా సర్వీస్ సెంటర్‌కు వచ్చారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. లాప్‌టాప్ కంపెనీ పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పేది ఆ తరం లాప్‌టాప్‌లన్నింటికీ వర్తిస్తుంది.

2014లో బంధువు ఒకాయన అమెరికా నుంచి తెచ్చిన 17 అంగుళాల లాప్‌టాప్ అది. నాలుగో తరం కోర్ ఐ7, 16 జీబీ ర్యామ్, ఎన్విడియా జీటీఎక్స్ 880ఎం. ఆ కార్డు వచ్చినప్పుడు లాప్‌టాప్‌లలో అదే పైవరస. అన్న చదువంతా దాని మీదే అయింది, తర్వాత తమ్ముడి చేతికొచ్చింది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దగ్గరపడింది. కొత్త గేమింగ్ లాప్‌టాప్ కొనే స్తోమత అప్పటికి వాళ్లకు లేదు. ఉద్యోగం వచ్చాక కొనుక్కుంటాడులే అని నాన్నగారి లెక్క.

కుర్రాడు ఉత్త చేతులతో రాలేదు. విదేశీ అమ్మకందారు దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న జీటీఎక్స్ 1060 లాప్‌టాప్ కార్డు ఒకటి కవర్లో పెట్టుకుని వచ్చాడు. "అన్నా, స్లాట్ ఒకటేనంట. పాతది తీసి ఇది పెడితే అయిపోతది కదా?" అన్నాడు. స్లాట్ గురించి అతను విన్నది నిజమే.

వచ్చిన సమస్య

ఫిర్యాదులు మూడు. గేమ్ మొదలైన పావుగంటకల్లా స్పీడ్ పడిపోతోంది. అప్పుడప్పుడు ఏ హెచ్చరికా లేకుండా లాప్‌టాప్ మొత్తం ఆఫ్ అవుతోంది. కొత్త గేమ్‌లు కొన్ని అసలు తెరుచుకోవడం లేదు, ప్రాజెక్టు కోసం వేసిన ‘కూడా’ (CUDA) ప్రోగ్రామ్ సైతం ఈ జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పనికిరాదని ఆగిపోతోంది. CUDA అంటే ఎన్విడియా కార్డు మీద లెక్కలు నడిపించే సాఫ్ట్‌వేర్, మెషిన్ లెర్నింగ్ చేసేవాళ్లకు దాంతోనే పని.

ఈ మూడింటికీ కారణం పాత కార్డేనని వాళ్ల నమ్మకం. నాకు మాత్రం ఇవి మూడు వేర్వేరు జబ్బుల్లా అనిపించాయి. స్పీడ్ పడిపోవడం వేడి లక్షణం. ఉన్నట్టుండి ఆఫ్ కావడం వేడి వల్లా కావచ్చు, కరెంటు చాలక కూడా కావచ్చు. గేమ్ తెరుచుకోకపోవడం చిప్ తరానికి సంబంధించిన విషయం. ఒకే కారణం అనుకుని కార్డు మార్చేస్తే, డబ్బు ఖర్చయ్యాక కూడా ఒకటో రెండో సమస్యలు మిగిలిపోయే అవకాశం ఉంది. అందుకే కార్డు కవర్ విప్పకుండా పక్కన పెట్టించాను. "ముందు పాత కార్డుతోనే దీన్ని సరిగ్గా నడిపిద్దాం తమ్ముడూ. అప్పుడు తెలుస్తుంది కార్డు తప్పెంతో" అన్నాను. అతనికి నచ్చలేదు కానీ నాన్నగారు ఒప్పుకున్నారు.

ముందు కొలతలు

కింది మూత తీసి చూస్తే కార్డు విడిగానే ఉంది. ఎంఎక్స్ఎం 3.0, టైప్ బీ. ఇది లాప్‌టాప్ కార్డుల కోసం ఎన్విడియా తెచ్చిన ప్రమాణం. టైప్ ఏ కార్డు 82 మిల్లీమీటర్ల వెడల్పు, 70 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. టైప్ బీ వెడల్పు అంతే, పొడవు 105. కార్డు ర్యామ్ లాగే కాస్త ఏటవాలుగా స్లాట్‌లోకి వెళ్లి కిందికి వాలుతుంది, రెండు స్క్రూలతో బిగుస్తుంది. అంటే మార్చడానికి చోటు ఉంది. ఇది తేలకపోతే మిగతా చర్చే అనవసరం.

తర్వాత లోడ్ ఇచ్చి చూశాం. కార్డు కొలతలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో క్లాక్ (చిప్ నడిచే వేగం) ఎందుకు తగ్గుతోందో చెప్పే వరుస ఒకటి ఉంటుంది, రిపేరుకు వచ్చిన ప్రతి గేమింగ్ లాప్‌టాప్‌లో నేను ముందు చూసేది అదే. కొన్ని నిమిషాల్లోనే ఉష్ణోగ్రత 93 డిగ్రీలకు చేరింది, ఆ వరుస థర్మల్ అని చూపించింది, క్లాక్ బాగా కిందికి దిగింది. మొదటి ఫిర్యాదుకు కారణం దొరికింది.

ఇంకొకటి కూడా కనిపించింది. ఛార్జర్ పెట్టే ఉన్నా, ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ ఒకేసారి లోడ్ ఇస్తే బ్యాటరీ శాతం తగ్గుతూ వచ్చింది. అంటే ఛార్జర్ ఇవ్వాల్సినంత కరెంటు ఇవ్వడం లేదు, లోటును బ్యాటరీ పూడుస్తోంది. బ్యాటరీ కొత్తగా ఉన్న రోజుల్లో ఇలా జరిగినా ఎవరికీ తెలిసి ఉండదు. ఇప్పుడది అరిగిపోయింది కాబట్టి లోడ్ ఒక్కసారిగా ఎగసినప్పుడు తట్టుకోలేక మొత్తం ఆఫ్ అవుతోందని అనుమానించాను.

మొదట చేసినవి

హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి బయటికి పంపే రాగి భాగం) విప్పితే ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య దుమ్ము పాత దుప్పటి ముక్కలా గట్టిగా పేరుకుని ఉంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఇది కదలదు, ఫ్యాన్ విప్పి చేత్తో తీయాల్సిందే. థర్మల్ పేస్ట్ ఎండి పొడిగా రాలింది. మెమొరీ చిప్‌ల మీది ప్యాడ్‌లు నూనె వదిలి గట్టిపడ్డాయి. అన్నీ మార్చాం. అదే లోడ్‌కు ఉష్ణోగ్రత 82 దగ్గర ఆగింది, క్లాక్ నిలబడింది.

ఆఫ్ అవడం మాత్రం ఆగలేదు. ఛార్జర్ మీద 19.5 వోల్టులు, 9.2 ఆంపియర్లు, 180 వాట్లు అని రాసి ఉంది. కానీ అది లాప్‌టాప్‌తో వచ్చింది కాదు. మొదటిది పోతే మధ్యలో ఎప్పుడో బయట కొన్నదట. మా దగ్గర టెస్టింగ్‌కు వాడే అదే రేటింగ్ ఒరిజినల్ ఛార్జర్ పెట్టి అదే లోడ్ ఇచ్చాం. బ్యాటరీ శాతం కదల్లేదు, మధ్యాహ్నం నుంచి షాపు మూసేదాకా ఒక్కసారి కూడా ఆఫ్ కాలేదు. లేబుల్ మీద ఉన్న వాట్లు లోపల లేవన్నమాట. ఈ రకం నకిలీ ఛార్జర్ చదువు, బ్రౌజింగ్ పనులకు సరిపోతుంది. గేమ్ దగ్గరే బయటపడుతుంది. అందుకే ఆ నింద గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది.

అలా మూడు ఫిర్యాదుల్లో రెండు కార్డు మార్చకుండానే తీరాయి. నాన్నగారికి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను: "సార్, సర్వీసు, ఒరిజినల్ ఛార్జర్, ఈ రెండూ తప్పనిసరి. కార్డు మీ ఇష్టం."

మూడోది మిగిలింది. 880ఎం కెప్లర్ తరం చిప్. లాప్‌టాప్ కెప్లర్ కార్డులకు ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లు ఇవ్వడం 2019 ఏప్రిల్‌లోనే ఆపేసింది. గేమ్‌లు గ్రాఫిక్స్ కోసం వాడే డైరెక్ట్‌ఎక్స్ 12లో ఈ చిప్ 11_0 ఫీచర్ లెవెల్ (చిప్‌కు ఏమేం చేతనవునో చెప్పే స్థాయి) దాటదు, కాబట్టి 12_0 అడిగే గేమ్‌లు సెట్టింగ్స్ ఎంత తగ్గించినా తెరుచుకోవు. ఇక ప్రాజెక్టు సంగతికి వస్తే, ఈ చిప్ కంప్యూట్ స్థాయి (లెక్కల పనిలో చిప్ తరాన్ని చెప్పే అంకె) 3.0, దాన్ని CUDA 11 వెర్షన్ నుంచే వదిలేశారు. ఇందులో సర్వీసుతో బాగయ్యేది ఏదీ లేదు. ఇక్కడ మాత్రమే కార్డు మార్పు అనే మాటకు అర్థం ఉంది.

పనిచేయనివి

అతను తెచ్చిన 1060తోనే మొదలుపెట్టాం. పాస్కల్ చిప్, 2016 నాటిది. పని చేస్తే 880ఎం కంటే చాలా నయం. బ్యాటరీ తీసి, పవర్ బటన్ నొక్కి పట్టి మిగిలిన ఛార్జ్ పోయాక కార్డు పెట్టాను. లాప్‌టాప్ ఆన్ అయింది, డిస్‌ప్లే కూడా వచ్చింది. ఈ మోడల్‌లో స్క్రీన్‌ను నడిపేది ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్ కాబట్టి డిస్‌ప్లే వచ్చినంత మాత్రాన కార్డు పనిచేస్తున్నట్టు కాదు. డివైస్ మేనేజర్‌లో 1060 జాడే లేదు.

దీనికి కారణాలు మూడు ఉండొచ్చు: కార్డు డెడ్, స్లాట్ చెడింది, లేదా బయోస్ (లాప్‌టాప్ ఆన్ కాగానే భాగాలను గుర్తించే బోర్డు ప్రోగ్రామ్) ఈ కార్డును గుర్తించడం లేదు. పాత కార్డు తిరిగి పెడితే వెంటనే కనిపించింది, కాబట్టి స్లాట్ బాగుంది. 1060ని మా దగ్గర ఉన్న 2016 నాటి ఎంఎక్స్ఎం లాప్‌టాప్‌లో పెడితే పనిచేసింది, కాబట్టి కార్డు కూడా బాగుంది. బయోస్ డీఫాల్ట్‌కు మార్చి, పాత లెగసీ బూట్ పద్ధతి నుంచి కొత్త యూఈఎఫ్ఐ పద్ధతికి మార్చి చూశాం. ఫలితం లేదు. ఇక మిగిలింది బయోసే. ఆ మెషిన్ తయారైన రోజుకు పాస్కల్ అనేదే లేదు, తర్వాత కంపెనీ ఇచ్చిన చివరి బయోస్‌లో కూడా దాని ఊసు లేదు.

ఎవరో మార్చి ఇచ్చిన బయోస్ వేస్తే కొన్ని మోడళ్లలో ఇది పనిచేస్తుంది. కుర్రాడు ఆ ఫైల్ కూడా వెతికి తెచ్చాడు. నేను వద్దన్నాను. కారణం భయం కాదు, ప్రోగ్రామర్ క్లిప్‌తో బయోస్ బ్యాకప్ తీయడం, తిరిగి రాయడం మాకు రోజూ ఉండే పనే. నేను చూసింది హీట్‌సింక్. 1060 మీద వీఆర్ఎం (చిప్‌కు కరెంటు సర్ది ఇచ్చే భాగం) కాయిల్స్ పాత కార్డు కంటే ఎత్తుగా, వేరే చోట ఉన్నాయి. హీట్‌సింక్ రాగి చెయ్యి సరిగ్గా వాటి మీదకే వచ్చి ఆగుతోంది. చెయ్యి అరగదీస్తే తప్ప హీట్‌సింక్ చిప్ మీద కూర్చోదు. అంటే బయోస్ గండం గడిచినా హీట్‌సింక్‌ను పాడుచేయక తప్పదు. ఒకసారి అరగదీస్తే మళ్లీ పాత కార్డుకూ సరిగ్గా సరిపోదు, ఆ మోడల్ హీట్‌సింక్ ఇంకొకటి దొరకడం కష్టం. వెనక్కి రాలేని పనులు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, ప్రాజెక్టు ముందున్న విద్యార్థి చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

బయట డెస్క్‌టాప్ కార్డు పెట్టి కేబుల్‌తో కలపడం గురించీ అడిగాడు. ఈ లాప్‌టాప్‌కు అలా కలపడానికి పనికొచ్చే వేగమైన థండర్‌బోల్ట్ పోర్టు లేదు. వైఫై స్లాట్ నుంచి లాగాలి, అందులో ఉన్నది పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా దారి) 2.0 ఒకే లేన్, సెకనుకు దాదాపు 500 ఎంబీ. లోపలి ఎంఎక్స్ఎం స్లాట్‌లో 3.0 లేన్‌లు పదహారు, సెకనుకు సుమారు 15.75 జీబీ. ఆ సన్నటి దారిలో పెద్ద కార్డు పెట్టినా దాని శక్తి సగం దాకా కూడా అందని గేమ్‌లు ఉంటాయి. పైగా హాస్టల్ టేబుల్ మీద మూత తీసిన లాప్‌టాప్, విడిగా ఒక ఎస్ఎంపీఎస్ (డెస్క్‌టాప్ పవర్ సప్లై), ఒక కార్డు. అంత ఖర్చు పెట్టేవాళ్లకు సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ తీసుకోమనే చెప్తాను.

పనిచేసింది

ఎంచుకున్నది జీటీఎక్స్ 970ఎం, 6 జీబీ, సెకండ్‌హ్యాండ్. పేరుకు పైమెట్టు 980ఎం ఉండగా ఇదెందుకు అని కుర్రాడు చాలాసేపు వాదించాడు. నా లెక్క ఇది. 880ఎం 120 వాట్ల చుట్టుపక్కల తాగే కార్డు, 970ఎం 80 వాట్ల చుట్టుపక్కల. రెండూ 28 నానోమీటర్లలో తయారైన చిప్‌లే, తేడా అంతా కెప్లర్ తర్వాతి తరమైన మాక్స్‌వెల్ డిజైన్‌లో ఉంది. వేగంలో పాతదానికి తగ్గదు, కొన్నిచోట్ల మించుతుంది, అయినా వేడి తక్కువ. పదేళ్లు నడిచిన హీట్‌సింక్‌కు, ఫ్యాన్‌కు, బోర్డు మీది పవర్ సెక్షన్‌కు బరువు తగ్గించే కార్డు కావాలి గానీ పెంచేది కాదు. 980ఎం ధర ఎక్కువ, వేడి ఎక్కువ, ఈ కుర్రాడి పనికి దానివల్ల ఒరిగేది తక్కువ. 970ఎం 12_1 ఫీచర్ లెవెల్ ఇస్తుంది, కంప్యూట్ స్థాయి 5.2. మూడో ఫిర్యాదుకు కావాల్సింది ఆ రెండే.

ఇంకో షరతు పెట్టుకున్నాను: కార్డు అదే లాప్‌టాప్ కంపెనీ మోడల్ నుంచి విప్పినదై ఉండాలి. వేరే కంపెనీ కార్డు పెడితే డిస్‌ప్లే వస్తుంది, గేమ్ నడుస్తుంది, కానీ బోర్డు మీది కంట్రోలర్ కార్డు ఉష్ణోగ్రతను చదవలేకపోవచ్చు. అప్పుడు ఫ్యాన్ నిద్రపోతూ ఉంటుంది, లేదా రోజంతా ఫుల్ స్పీడ్‌లో అరుస్తుంది. అలాంటి కార్డు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత లాప్‌టాప్‌లు విప్పి పార్టులు అమ్మే ఒకరి దగ్గర దొరికింది. 1060ని కుర్రాడు తనే తిరిగి అమ్ముకున్నాడు.

కొనేముందు లెన్స్ కింద చూశాను. చిప్ నాలుగు మూలలూ విరగకుండా ఉన్నాయి. చుట్టూ ఫ్లక్స్ మరక లేదు, అంటే ఎవరూ హీట్ కొట్టలేదు, రీబాల్ చేయలేదు (చిప్ పీకి కొత్త సోల్డర్‌తో మళ్లీ అతికించలేదు). హీట్ కొట్టిన చిప్ అమ్మకం రోజున బాగానే నడుస్తుంది, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ పోతుంది, కాబట్టి ఆ మరక కనిపిస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోను. తర్వాత మా టెస్టింగ్ లాప్‌టాప్‌లో రాత్రంతా లోడ్ మీద ఉంచాం.

బిగించడంలో ఎక్కువ సమయం తీసుకున్నది ప్యాడ్‌ల మందం. 970ఎం చిప్ పాతదాని కంటే పెద్దది, 398 చదరపు మిల్లీమీటర్లు. పాతది 294. రాగి పలక పెద్ద చిప్‌ను పూర్తిగా కప్పుతుందా అన్నది ఊహించకూడదు, అచ్చు తీసి చూడాలి. పలుచగా పేస్ట్ రాసి, అన్ని ప్యాడ్‌లూ పెట్టి, బ్రాకెట్ మీద వేసిన అంకెల వరుసలో ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించి, మళ్లీ మొత్తం విప్పాను. మూడు మూలల్లో పేస్ట్ సన్నగా పరుచుకుంది, నాలుగో మూలలో మందంగా అలాగే ఉంది. ఆ మూల పక్కనే కాయిల్ మీద పెట్టిన 1.5 మిల్లీమీటర్ల ప్యాడ్ హీట్‌సింక్‌ను ఎత్తి పట్టింది. దాని చోట 1 మిల్లీమీటర్ ప్యాడ్ పెట్టి మళ్లీ అచ్చు తీస్తే నాలుగు మూలలూ సమానంగా వచ్చాయి. ఇలా చూడకుండా బిగించేస్తే కార్డు నడుస్తుంది, కానీ చిప్‌లో ఒక మూల మాత్రం వేడెక్కుతూ ఉంటుంది. దాని ఉష్ణోగ్రత విడిగా ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ కనిపించదు.

డ్రైవర్ దగ్గర ఊహించిన అడ్డంకే వచ్చింది. ఎన్విడియా ఇన్‌స్టాలర్ అనుకూలమైన హార్డ్‌వేర్ లేదంది. ఈ మోడల్‌ను ఈ కార్డుతో కంపెనీ ఎప్పుడూ అమ్మలేదు కాబట్టి ఆ జంట ఐడీ డ్రైవర్ ఐఎన్ఎఫ్ ఫైల్‌లో (డ్రైవర్ ఏయే హార్డ్‌వేర్‌కు వర్తిస్తుందో రాసిన జాబితా) ఉండదు. ఆ ఐడీతో ఒక లైను చేర్చి, డ్రైవర్ సిగ్నేచర్ తనిఖీని ఆ ఒక్క బూట్‌కు ఆపి ఇన్‌స్టాల్ చేశాం. అసలు డ్రైవర్ ఫైళ్ల మీద ఎన్విడియా సంతకం అలాగే ఉంటుంది, అందువల్ల తర్వాతి బూట్ నుంచి తనిఖీ మామూలుగా ఆన్‌లో ఉన్నా నడుస్తుంది. విండోస్‌ను ఈ తనిఖీ సడలించే టెస్ట్ మోడ్‌లో శాశ్వతంగా వదిలేయకూడదు, చీటింగ్‌ను పట్టే సాఫ్ట్‌వేర్ ఉన్న ఆన్‌లైన్ గేమ్‌లు అలాంటి విండోస్‌లో తెరుచుకోకపోవచ్చు. ప్రతి కొత్త డ్రైవర్‌కూ ఈ లైను మళ్లీ చేర్చాలి. అందుకే ఆ పని మేము చేసి ఇవ్వకుండా, కుర్రాడిని పక్కన కూర్చోబెట్టి అతని చేతే చేయించాను.

ఫలితం: అదే లోడ్‌కు 74, 75 డిగ్రీలు. ఫ్యాన్ వేడిని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంది. ఆఫ్ కావడం లేదు. అంతకుముందు తెరుచుకోని గేమ్‌లు ఫుల్ హెచ్‌డీలో మధ్యస్థం, ఇంకా తక్కువ సెట్టింగ్స్‌లో నడిచాయి. CUDA 12 పనిచేసింది. పెద్ద మోడల్ ట్రెయినింగ్‌కు మాత్రం 6 జీబీ చాలదు. చిన్న ప్రయోగాలు ఇందులో చేసుకుని, పెద్ద రన్‌లు ఇంటర్నెట్‌లో గూగుల్ జీపీయూలు వాడుకోనిచ్చే గూగుల్ కోల్యాబ్‌లో వేసుకోమని ముందే చెప్పాను, ప్రాజెక్టు అలాగే పూర్తి చేశాడు.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

ఇప్పుడు మా దగ్గర కార్డు మార్చమని ఏ పాత గేమింగ్ లాప్‌టాప్ వచ్చినా, ముందు తెలిసిన మంచి ఛార్జర్‌తో, శుభ్రం చేసిన హీట్‌సింక్‌తో పాత కార్డు కొలతలు తీసి కాగితం మీద రాసి కస్టమర్‌కు ఇస్తున్నాం. ఆ కాగితం చూశాక కార్డు అక్కర్లేదని వెళ్లిపోయే వాళ్లూ ఉంటారు. షాపుకు అది నష్టమని నేను అనుకోను, వాళ్లే తర్వాత నలుగురిని పంపుతారు.

కార్డు ఎంపికలో మొదటి ప్రశ్న ఎంత వేగం అన్నది కాదు, పాతదాని కంటే వేడి తక్కువా కాదా. రెండోది, ఈ బయోస్ పుట్టిన తరానికి ఆ చిప్ తెలుసా. మూడోది, హీట్‌సింక్‌ను కోయకుండా, అరగదీయకుండా కూర్చుంటుందా. ఈ మూడింటికీ అవునని రాకపోతే కార్డు చవకగా వచ్చినా వద్దు. ఆన్‌లైన్‌లో కార్డు కొనేముందు లాప్‌టాప్ మూత విప్పించి చూసుకోవడం తప్పనిసరి, ఈ కుటుంబానికి 1060 తిరిగి అమ్మడంలో పోయిన డబ్బు అక్కడే పోయింది.

ఎంతకాలానికి కొంటున్నామో కూడా లెక్కలో ఉండాలి. నేను వాళ్లకు చెప్పింది రెండేళ్లు, అంటే చదువు ముగిసి ఉద్యోగం వచ్చేదాకా. ఆ తర్వాత జరిగినవి ఆ గడువుకు దగ్గరగానే వచ్చాయి. మాక్స్‌వెల్, పాస్కల్ కార్డులకు కొత్త గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపుతున్నామని, భద్రతా అప్‌డేట్‌లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. CUDA 13 మాక్స్‌వెల్‌ను వదిలేసింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 మామూలు సపోర్టు ముగిసింది, నాలుగో తరం ప్రాసెసర్‌ను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు.

ఆ మధ్య కుర్రాడు ఫోన్ చేశాడు. 980ఎం ఒకటి చవకగా దొరుకుతోందట, వేయమంటారా అన్నాడు. వద్దని, అది కూడా మాక్స్‌వెలే కాబట్టి డ్రైవర్ గడువు ఒక్క రోజు కూడా పెరగదని చెప్పాను. ఉద్యోగం వచ్చిందట. కొత్త లాప్‌టాప్‌కు మోడళ్లు రెండు మూడు పంపితే, వాటిలో ఛార్జర్ ఎన్ని వాట్లో, గ్రాఫిక్స్‌కు కంపెనీ ఎన్ని వాట్లు ఇచ్చిందో చూసి చెప్తానన్నాను.